5×3 బోర్డులో టర్న్‌టేబుల్: ముందు ఇంజన్‌ని కొలవండి

మోడల్ రైలు కోసం 5×3 అడుగుల బోర్డు, ఓఓ స్కేలు (అసలు దాంట్లో 76వ వంతు), రెండు ట్యాంక్ ఇంజన్లు (నీళ్లు, బొగ్గు తమ మీదే మోసే చిన్నవి), ఒక మల్లార్డ్ (బ్రిటన్ వాళ్ల పొడవాటి ఆవిరి ఇంజన్) ఉన్నాయి, ఇంజన్‌ని అటు నుంచి ఇటు తిప్పే చిన్న టర్న్‌టేబుల్ ఏది కొనాలి, మోటరు ఉన్నదా లేనిదా అని అడిగారు. మోటరు సంగతి తర్వాత చూద్దాం. ముందు మల్లార్డ్‌ని పట్టాల మీద పెట్టి, ముందు చక్రం నుంచి టెండరు (వెనకుండే బొగ్గు, నీళ్ల బండి) చివరి చక్రం వరకు టేపుతో కొలవండి. ఇంజన్ మొత్తం పొడవు అక్కర్లేదు. చివర్లలో ఉండే బఫర్లు బ్రిడ్జి (టర్న్‌టేబుల్‌లో పట్టాలతో తిరిగే భాగం) అంచు దాటి గాల్లో ఉన్నా నష్టం లేదు, చక్రాలు మాత్రం పట్టాల మీదే ఉండాలి.

అసలు మల్లార్డ్‌కి ఈ కొలత 61 అడుగులకి కాస్త తక్కువ. దాన్ని 76తో భాగిస్తే 24 సెంటీమీటర్ల పైచిలుకు. మోడల్‌లో ఇంజన్‌కీ టెండర్‌కీ మధ్య సందు కాస్త ఎక్కువ ఉంటుంది కాబట్టి 25 అనుకోండి. అట్లాస్ కంపెనీ వాళ్ల టర్న్‌టేబుల్ బ్రిడ్జి 9 అంగుళాలు, అంటే 23 సెంటీమీటర్లు కూడా లేదు. దానికి బోర్డులో గుంట కోసే పని ఉండదు, ప్రతి 15 డిగ్రీలకీ దానంతట అదే సరిగ్గా ఆగుతుంది. నాకు చాలా నచ్చిన వస్తువు. కానీ మీ మల్లార్డ్ దాని మీద పట్టదు. పెకో కంపెనీ కిట్ సుమారు 12 అంగుళాలు ఉంటుంది, దాని మీద హాయిగా పడుతుంది.

మల్లార్డ్ లేకపోతే అసలు టర్న్‌టేబులే వద్దనేవాణ్ణి. ట్యాంక్ ఇంజన్లు ముందుకైనా వెనక్కైనా ఒకేలా నడుస్తాయి, నిజం రైల్వేలో కూడా వాటిని తిప్పాలని పెద్దగా పట్టించుకునేవారు కాదు.

నేను పెకోనే పెట్టాను. లండన్ నుంచి వస్తూ మా బావమరిది సూట్‌కేసులో తెచ్చాడు. ప్లాస్టిక్ కిట్, మనమే అతికించుకోవాలి, ఒక ఆదివారం పడుతుంది. అసలు కష్టం దాన్ని దించడానికి బోర్డులో కోయాల్సిన గుంట దగ్గర. జిగ్‌సా రంపంతో నేనే కోస్తానని మొండికేసి 12 మి.మీ. ప్లైవుడ్‌లో కోశాను. గుండ్రం కాస్తా కోడిగుడ్డు అయింది. సందుల్లో పుట్టీ పెట్టి నెట్టుకొచ్చాను. ఆ తర్వాత జూలైలో వానలు మొదలయ్యాక బోర్డు కాస్త వంగి, ఒక లైను బ్రిడ్జి కంటే అర మిల్లీమీటరు ఎత్తుకు లేచింది. అర మిల్లీమీటరే కదా అనుకోకండి, ముందు చక్రాలు ప్రతిసారీ అక్కడే పట్టా తప్పేవి. బోర్డు కింద అడ్డంగా రెండు చెక్కలు బిగించాక గానీ సరిపడలేదు. మీరు ఆ చెక్కలు ముందే కొట్టించండి, గుంట మాత్రం వడ్రంగి చేత కోయించండి.

చోటు లెక్క కూడా చూసుకోండి. మల్లార్డ్ పట్టా తప్పకుండా మలుపు తిరగడానికి కనీసం రెండో రేడియస్ వంపు, అంటే 438 మి.మీ. వ్యాసార్థం కావాలి. 3 అడుగుల వెడల్పులో అది అంచులు తాకుతూ పడుతుంది. కాబట్టి టర్న్‌టేబుల్ ఆ గుండ్రటి లైను (లూప్) లోపలే రావాలి. బ్రిడ్జిలోకి వెళ్లే లైను చివర కొన్ని అంగుళాలైనా తిన్నగా ఉండాలి, వంపులోంచి నేరుగా ఎక్కిస్తే చక్రాలు సందులో ఇరుక్కుంటాయి. కాగితం మీద 12 అంగుళాల వృత్తం కోసి బోర్డు మీద అటూ ఇటూ జరిపి చూడండి, నేను చూడలేదు, రెండు సైడింగులు (పక్క లైన్లు) పీకేయాల్సి వచ్చింది.

కరెంటు విషయంలో టెన్షన్ అక్కర్లేదు. బ్రిడ్జి అర చుట్టు తిరిగితే ఎడమ పట్టా కుడి వైపుకి వస్తుంది, ప్లస్ మైనస్ తారుమారై షార్ట్ అవుతుంది. పెకోలో కింద ఉన్న కాంటాక్టు రింగు రెండు ముక్కలుగా ఉంటుంది కాబట్టి తిరిగేటప్పుడు అదే మార్చేస్తుంది. ఆ రెండు ముక్కల మధ్య సందు మీ లైన్లకి ఎదురుగా రాకుండా బిగించండి, అంతే.

బయటి నుంచి తెప్పించడం భారం అనుకుంటే సొంతంగా చేసుకోవచ్చు. కోఠి గుజరాతీ గల్లీలో పావు అంగుళం ఆడియో జాక్, సాకెట్ కొనండి. జాక్ బ్రిడ్జికి, సాకెట్ బోర్డుకి. ఇరుసూ అదే, కరెంటూ అదే. ప్లస్ మైనస్ మార్చడానికి ఒక ఆరు కాళ్ల టాగిల్ స్విచ్ పెట్టుకోవాలి. నా మొదటిది ఇలాంటిదే, ఏడాది పైన పనిచేసింది. ఖచ్చితంగా ఎదురుగా ఆపడం మాత్రం పూర్తిగా మీ కంటి పనే.

ఇక మోటరు. కొనకండి. చౌక గేరు మోటరు సరిగ్గా లైను ఎదురుగా ఆగదు, ముందుకీ వెనక్కీ తిప్పుతూ కూర్చోవాలి. నేను వేలితోనే తిప్పుతాను. మా పెదనాన్న బిట్రగుంట షెడ్డులో ఫైర్‌మన్‌గా చేశారు, టర్న్‌టేబుల్ మీద ఇంజన్ బరువు నడిమధ్యకి వచ్చేలా నిలబెడితే మనుషులే తోసి తిప్పేవాళ్లం అని చెప్పేవారు. మా ఇంటికొచ్చినప్పుడు చిటికెన వేలితో బ్రిడ్జిని ఒక చుట్టు తిప్పి చూసి, "ఇరుసుకి గ్రీజు పెట్టావా?" అని అడిగారు. పెట్టలేదు. మీరు పెట్టండి, ఒక్క చుక్క చాలు, ప్లాస్టిక్‌ని తినేయని రకం చూసి కొనండి.