దయగా ఉండటం, అందరి దగ్గరా మంచి అనిపించుకోవడం ఒకటేనా?

ఒకటి కాదు. మంచి అనిపించుకోవడంలో మన సుఖమే ఎక్కువ. ఎదుటివాడు నొచ్చుకోకూడదు, మనల్ని ఏమీ అనుకోకూడదు, అంతే. రేపు వాడికేమవుతుందన్నది లెక్కలోకి రాదు.

బెంగళూరు మారతహళ్ళిలో పీజీ హాస్టల్లో ఉన్నప్పుడు ఇది దగ్గర్నుంచి చూశాను. అక్కడ మనవాళ్ళే ఎక్కువ, పప్పులో ఉప్పు గొడవ కూడా తెలుగులోనే. మా రూములో కడప కుర్రాడొకడు, డిగ్రీ అయ్యాక రెండేళ్ళ గ్యాప్. డబ్బు కడితే రెజ్యూమెలో మూడేళ్ళ ఫేక్ ఎక్స్‌పీరియన్స్ పెట్టిస్తామని ఓ కన్సల్టెన్సీవాళ్ళు వాడికి చెప్పారు. పీజీలో ఎవర్నడిగినా "టెన్షన్ పడకురా, అందరూ పెడుతున్నదే" అన్నారు. ఎంత ముద్దుగా చెప్పారో!

పక్క రూములో నెల్లూరాయన ఉండేవాడు. నోరు దురుసు. ఆయన మాత్రం వాణ్ణీ నన్నూ టెర్రస్ మీదికి తీసుకెళ్ళి అడిగాడు: "పీఎఫ్ ఖాతాకిచ్చే యూఏఎన్ నంబర్లో నువ్వు ఏ కంపెనీలో ఎప్పుడు చేరావో, ఎప్పుడు మానేశావో ఉంటుంది. వెరిఫికేషన్‌లో పీఎఫ్ హిస్టరీ అడిగితే ఏం చూపిస్తావ్?"

"చిన్న కంపెనీ, ఇరవైమంది లేరు, పీఎఫ్ కట్టలేదంటాను అన్నా."

"జీతం పడిన బ్యాంక్ స్టేట్‌మెంట్ అడుగుతారు. అదీ పుట్టిస్తావా? చేరాక బయటపడితే మెడబట్టి గెంటుతారురా."

వాడు మూతి ముడుచుకుని కొన్నాళ్ళు ఆయనతో మాట్లాడలేదు. అంత్య నిష్ఠూరం కన్నా ఆది నిష్ఠూరం మేలని పెద్దవాళ్ళు ఊరికే అనలేదు కానీ, ఆ ఆది నిష్ఠూరం భరించేవాళ్ళే తక్కువ.

ఆయన అక్కడితో వదిలేసి ఉంటే నేనీ కథ చెప్పేవాణ్ణి కాదు. ఆదివారాలు కూర్చోబెట్టి డేటాబేస్‌లకి వాడే ఎస్‌క్యూఎల్ నేర్పాడు, ఫ్రెషర్‌గానే రెజ్యూమె రాయించాడు, గ్యాప్ గురించి అడిగితే తడబడకుండా చెప్పడం ప్రాక్టీసు చేయించాడు. పైగా మొదట తిట్టింది కూడా నలుగురిలో కాదు, టెర్రస్ మీద. కుండబద్దలు కొట్టినట్టు ఓ మాట అనేసి, 'నేను స్ట్రెయిట్‌ఫార్వర్డ్' అని చెప్పుకుని వెళ్ళిపోయేవాళ్ళు మనకు బోలెడుమంది. అది దయేమీ కాదు, నోటి దురద.

అలాగని మర్యాద మాటలు దండగనను. లిఫ్టులో, కొట్టులో, ఆటోలో అవే చాలు.

కుర్రాడికి తర్వాత ఓ చిన్న కంపెనీలో సపోర్ట్ ఉద్యోగం వచ్చింది, జీతం తక్కువే. టెన్షన్ పడొద్దన్నవాళ్ళందరూ ఇప్పటికీ వాడి పుట్టినరోజుకి వస్తారు. ఆఫర్ లెటర్ వస్తే ఇన్నాళ్ళు మానకూడదనే బాండ్ క్లాజు చదివిపెట్టమని వాడు పంపేది మాత్రం నెల్లూరాయనకే.