పాఠకుల ప్రశ్నలు: పెరటి గుడ్డు, కొట్టు గుడ్డు

ప్రశ్న: మాది పశ్చిమ గోదావరి జిల్లాలో తణుకు దగ్గర ఒక పల్లె. ఇంటి వెనుక ఐదు సెంట్ల దొడ్డి ఖాళీగా ఉంది. మేము నలుగురం, అందులో ఇద్దరు చిన్న పిల్లలు. వారానికి సుమారు ఒక అట్ట గుడ్లు కొట్టులో కొంటున్నాము. ఫారం గుడ్డులో బలం ఉండదని, పిల్లలకు నాటు గుడ్డే పెట్టాలని మా అత్తగారు పట్టుపడుతున్నారు. నాటు గుడ్డు ధర రెండింతలకు పైనే ఉంది కనుక పిల్లలకు గుడ్డు పెట్టడమే తగ్గిపోయింది. ఇంట్లో నాలుగైదు కోళ్లను పెంచుకుంటే ఖర్చు కలిసివస్తుందా? ఆ గుడ్డు నిజంగా అంత మేలైనదా?

జవాబు: మీ ఉత్తరంలో నన్ను కలవరపెట్టినది ధరల సంగతి కాదు, పిల్లలకు గుడ్డు తగ్గిపోయిందన్న మాట. దయచేసి ఈ రోజు నుంచే కొట్టు గుడ్డును మళ్లీ మొదలుపెట్టండి. 50 గ్రాముల గుడ్డులో సుమారు 6 గ్రాముల మాంసకృత్తులు ఉంటాయి. కోడి గూటిలో పెరిగినా, పెరట్లో తిరిగినా ఆ లెక్కలో చెప్పుకోదగ్గ తేడా ఉండదు, ఎందుకంటే గుడ్డు అన్నది పిల్ల పుట్టడానికి కావలసిన సరుకు. మేత చాలని పెట్ట గుడ్డులోని సరుకును కాక, ముందుగా గుడ్ల సంఖ్యను తగ్గించుకుంటుంది. పైగా నాటు గుడ్డు చిన్నది, చాలావాటి బరువు 40 గ్రాములకు అటూఇటూగా ఉంటుంది కనుక, ఒక్కో గుడ్డు చొప్పున చూస్తే మాంసకృత్తులు కొంచెం తక్కువే. కొలెస్ట్రాల్ కూడా రెండింటిలోనూ దాదాపు ఒకటే.

అయితే మీ అత్తగారి మాటలో నిజం లేకపోలేదు. కోడి తిన్నదానిని బట్టి మారేవి కొన్ని ఉన్నాయి: ఎండలో తిరిగే పెట్ట గుడ్డులో విటమిన్ డి పెరుగుతుంది, పచ్చగడ్డి, ఆకుకూరలు, పురుగులు తినే పెట్ట గుడ్డులో విటమిన్ ఇ, ఒమేగా-3 కొవ్వులు ఎక్కువగా ఉంటాయి. సొన ముదురు రంగును మాత్రం బలానికి గుర్తుగా తీసుకోకండి. మొక్కజొన్న, ఆకులు, బంతిపూల పొడి వంటి వాటిలోని రంగు పదార్థమే సొనలోకి చేరుతుంది, దానిని ఫారంలో దాణాతోనూ తెప్పించవచ్చు. తాజాదనం విషయంలో మీ ప్రాంతానిది ప్రత్యేకమైన పరిస్థితి. బెంగాల్ దాకా లారీలలో గుడ్లు వెళ్లేది మీ చుట్టుపక్కల ఫారాల నుంచే కనుక, దూరపు ఊళ్లతో పోలిస్తే మీ కొట్టుకు గుడ్డు తాజాగానే చేరుతుంది.

ఇక ఖర్చు. ఫారంలోని తెల్ల లెగ్‌హార్న్ సంకర పెట్ట ఏడాదికి 300కు పైగా గుడ్లు పెడుతుంది, రోజుకు సుమారు 110 గ్రాముల దాణా తింటుంది. అంటే ఒక్కో గుడ్డుకు 130 గ్రాముల దాణా సరిపోతున్నదన్నమాట. నాటు పెట్ట ఏడాదికి 50 నుంచి 80 గుడ్లు మాత్రమే పెడుతుంది, పది పన్నెండు గుడ్లు పెట్టగానే పొదుగుకు కూర్చుంటుంది, పిల్లలను తిప్పుకునే నెలల్లో గుడ్డు ఇవ్వదు. దానికి రోజుకు 80 గ్రాముల చొప్పున మేతంతా కొనే పెట్టవలసివస్తే ఒక్కో గుడ్డుకు దాదాపు అరకిలో మేత ఖర్చవుతుంది. కిలో మేత 35 రూపాయలనుకుంటే ఫారం గుడ్డుకు మేత ఖర్చు నాలుగున్నర రూపాయలు, మీ నాటు గుడ్డుకు 17 రూపాయలు! నాటు కోడి మన పూర్వుల ఇళ్లలో గిట్టుబాటు కావడానికి కారణం అది పెంటకుప్ప గీరుకుని, కల్లంలో రాలిన గింజలు, చెదలు, పురుగులు ఏరుకుని తన కడుపు తానే నింపుకోవడం. ఆ కల్లం మీ ఇంటి దగ్గర ఇప్పుడు లేకపోతే ఆ లెక్క కూడా ఉండదు.

అందువల్ల గుడ్ల కోసమే అయితే నాటు పెట్టలను కాక, హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ పెరటి పెంపకానికి రూపొందించిన గ్రామప్రియను ఎంచుకోండి. ఆ సంస్థదే అయిన వనరాజా రకం బరువుగా పెరుగుతుంది, అది మాంసానికీ గుడ్లకూ పనికివస్తుంది. గుడ్లలో గ్రామప్రియదే పైచేయి. పెరట్లో ఏడాదికి 180 గుడ్లు అనుకున్నా వారానికి పెట్టకు మూడున్నర, ఐదు పెట్టలకు 17 గుడ్లు వస్తాయి, అంటే మీ అవసరంలో సగానికి కొంచెం ఎక్కువ. సగం మేత దొడ్డిలోనూ, వంటింటి మిగులులోనూ దొరికితే కొనే మేత ఖర్చు గుడ్డుకు నాలుగు రూపాయల లోపే ఉంటుంది. కోడిపిల్లల ఖరీదు, గూటి ఖర్చు, గుడ్లు మొదలయ్యేదాకా ఐదారు నెలల మేత దీనికి కలపాలి. కాబట్టి డబ్బు బాగా మిగులుతుందని ఆశ పెట్టుకోకండి. కోడి ఏమి తిన్నదో మీకు తెలిసిన గుడ్డు, మీ ఇంటి మిగులుతో తయారైన గుడ్డు మీకు దక్కుతుంది, అది తక్కువ లాభమేమీ కాదని నా అభిప్రాయం.

పెంపకంలో మూడు విషయాలను అశ్రద్ధ చేయవద్దు. మొదటిది కొక్కెర తెగులు: టీకా వేయని గుంపులోకి వస్తే రోజుల్లో గూడు ఖాళీ చేస్తుంది. మొదటి వారంలో కంటి చుక్కలుగా లాసోటా టీకా, దాదాపు ఎనిమిదో వారంలో ఆర్‌2బి టీకా పశువుల ఆసుపత్రిలో అడిగి వేయించండి. అంతకంటే, టీకాలు పడి నాలుగైదు వారాలు పెరిగిన కోడిపిల్లలను కొనుక్కోవడం మంచిది, ఎందుకంటే తల్లి లేని పిల్లలకు ఆ వారాలలో దీపపు వెచ్చదనం కావాలి. రెండవది సున్నం: నూకలు, తవుడు ఎంత పెట్టినా పెంకు గట్టిపడదు, విడిగా ఒక మూకుడులో ఆల్చిప్పల పొడిని ఎప్పుడూ ఉంచండి. మూడవది రాత్రి కాపలా. ముంగిస, పిల్లి, పాము ఈ మూడింటినీ ఆపగలిగే సన్నని కన్నుల వల, నేల నుంచి ఎత్తుగా కట్టిన గూడు లేకుండా కోళ్లను తీసుకురావద్దు.

వేసవి గురించి ఒక మాట. ఎండ 40 డిగ్రీలకు చేరినప్పుడు కోడి నోరు తెరిచి ఎగరోజుతుంది. ఆ రొప్పుతో రక్తంలోని బొగ్గుపులుసు వాయువు (కార్బన్ డయాక్సైడ్) తగ్గి, పెంకు తయారీ కుంటుపడుతుంది. అప్పుడు పల్చని పెంకు గుడ్లు వస్తే దాణాను తప్పుపట్టకుండా నీడను, చల్లని నీటిని చూడండి.

ప్రశ్న: సూపర్ మార్కెట్‌లో అట్టపెట్టెలో పెట్టి అమ్మే గోధుమ రంగు గుడ్లు నాటు గుడ్లేనా?

జవాబు: రంగును చూసి ఆ మాట చెప్పలేము. పెంకు రంగు కోడి జాతిని బట్టి వస్తుంది, గోధుమ రంగు గుడ్లు పెట్టే ఫారం జాతులు ఉన్నాయి, గ్రామప్రియ గుడ్డు కూడా ఆ రంగులోనే ఉంటుంది. అన్నీ ఒకే పరిమాణంలో, 55 గ్రాములకు పైబడి ఉన్న గోధుమ రంగు గుడ్లు నాటువి కావని దాదాపు ఖాయంగా అనుకోవచ్చు.

ప్రశ్న: మా పెరటి గుడ్లను మూడు నాలుగు రోజులు గంపలో ఉంచితే కొన్నింటిలో ఎర్రటి గీతలు కనిపిస్తున్నాయి. గుడ్లు చెడిపోయాయా?

జవాబు: మీ దగ్గర పుంజు ఉన్నట్లుంది. ఫారాలలో పుంజులు ఉండవు కనుక ఆ గుడ్లలో పిల్ల కట్టదు. పుంజు కలిసిన పెట్ట గుడ్డు మాత్రం మన వేసవి వేడికే లోపల ఎదగడం మొదలుపెడుతుంది, ఆ గీతలు అందుకు ఆరంభం కావచ్చు. పెట్ట గుడ్డు పెట్టడానికి పుంజు అవసరమే లేదు. పుంజును వేరుగా ఉంచండి, లేదా పొద్దుటి గుడ్డును మధ్యాహ్నంలోగా తీసి చల్లని చోట పెట్టండి. పెంకును ముందుగా కడగవద్దు, దాని మీద ఉండే సహజమైన పొర క్రిములను అడ్డుకుంటుంది; మురికి ఉంటే పొడి గుడ్డతో తుడిచి, వండే ముందు కడగండి. పెరటి గుడ్డులోనూ సాల్మొనెల్లా క్రిమి ఉండవచ్చు కనుక పచ్చిగా తాగించే అలవాటును, ముఖ్యంగా బాలింతలకూ పిల్లలకూ, మానండి. ఉడికించిన తాజా గుడ్డు పెంకు సరిగా ఊడకపోతే అది చెడినదని అనుకోకండి, నాలుగైదు రోజులు నిలవ ఉంచిన గుడ్డు తేలికగా ఒలుస్తుంది.