బరువు పెరిగినా స్పిట్‌ఫైర్ మార్క్ 9 మార్క్ 5 కంటే వేగంగా ఎలా ఎగిరింది?

స్పిట్‌ఫైర్ రెండో ప్రపంచ యుద్ధం నాటి బ్రిటిష్ యుద్ధ విమానం; మార్క్ 5, మార్క్ 9 దానిలో రకాలు. వేగానికి కారణం ఒక్క ముక్కలో చెప్పాలంటే, సూపర్‌చార్జర్, అంటే ఇంజన్‌లోకి గాలిని నొక్కి పంపే పరికరం.

నిండు లోడుతో మార్క్ 5 సుమారు 3,000 కిలోలు, మార్క్ 9 సుమారు 3,400 కిలోలు తూగేవి. హార్స్‌పవర్ చూస్తే మార్క్ 5లోని మెర్లిన్ 45 ఇంజన్‌ది దాదాపు 1,470, మార్క్ 9లోని మెర్లిన్ 61ది దాదాపు 1,565. ఈ లెక్కన బరువే ఎక్కువ పెరిగింది కదా అనిపిస్తుంది. కానీ ఈ అంకెలు రెండూ ఒకే ఎత్తులో కొలిచినవి కావు. చాలామంది పొరబడేది ఇక్కడే.

పైకి వెళ్లేకొద్దీ గాలి పలచబడుతుంది, ఇంజన్‌కు ఊపిరి అందదు. మెర్లిన్ 45లో గాలిని ఒక్కసారే నొక్కి పంపేవారు. 61లో వరుసగా రెండుసార్లు నొక్కి, అలా వేడెక్కిన గాలిని ఇంటర్‌కూలర్‌తో చల్లార్చి సిలిండర్లలోకి పంపారు. అందుకే 25,000 అడుగుల పైన మార్క్ 5 నీరసపడితే, మార్క్ 9 గంటకు దాదాపు 650 కిలోమీటర్లు అందుకునేది. తక్కువ ఎత్తుల్లో మాత్రం తేడా ఇంత ఉండదు.

ఫొటోలో గుర్తుపట్టడం తేలికే. మార్క్ 5కి ఒక రెక్క కిందే పెద్ద రేడియేటర్, రెండో రెక్క కింద చిన్న ఆయిల్ కూలర్ ఉంటాయి. మార్క్ 9కి రెండు వైపులా పెద్ద పెట్టెలే, ప్రొపెల్లర్‌కు నాలుగు రెక్కలు. అదనపు బరువులో కొంత వీటిదే.

1941లో జర్మన్ ఫోకె వుల్ఫ్ 190 వచ్చి మార్క్ 5 పైలట్లను బాగా ఇబ్బంది పెట్టింది. 1942 జూలైలో మార్క్ 9 దళాల్లో చేరాకే వాళ్లకు మళ్లీ సమవుజ్జీ విమానం దొరికింది.

నిజాం విరాళంతో 'హైదరాబాద్' పేరు పొందిన బ్రిటిష్ వాయుసేన దళం 152 స్క్వాడ్రన్ కూడా స్పిట్‌ఫైర్లే నడిపింది. బర్మాలో వాళ్లు వాడిన మార్క్ 8లోనూ ఈ రెండంచెల సూపర్‌చార్జరే ఉండేది.