పిట్‌కెర్న్‌కు తెరచాప పడవలో...

ప్రశ్న: మాంగరెవా నుంచి సొంత తెరచాప పడవలో పిట్‌కెర్న్ దీవికి వెళ్లాలనుకుంటున్నాం. ఎన్ని రోజులు పడుతుంది? అక్కడ పడవ ఎక్కడ నిలపాలి?
– ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: రెండూ దక్షిణ పసిఫిక్ దీవులే, మధ్య దూరం సుమారు 540 కిలోమీటర్లు. లెక్క ప్రకారం రెండున్నర రోజులే. కానీ దీవి ఉన్నది తూర్పు ఆగ్నేయంలో, అక్కడ ఎక్కువగా వీచేదీ ఆగ్నేయపు గాలే. ఎదురుగాలిలో అటూ ఇటూ వంకర్లు కొడుతూ వెళ్తే నాలుగు రోజులైనా ఆశ్చర్యం లేదు. గాలి ఉత్తరానికి తిరిగే దాకా మాంగరెవాలోనే ఆగడం మేలు.

అసలు చిక్కు చేరాకే. అక్కడ రేవు లేదు. పడవలు ఆగే బౌంటీ బే పేరుకే బే (అఖాతం), ఉత్తర, తూర్పు గాలులకు బార్లా తెరుచుకుని ఉంటుంది. ఆగ్నేయపు గాలి ఉంటే వాయవ్యాన ఉన్న టెడ్‌సైడ్ వైపు మారాలి. 15 మీటర్ల లోతులో 75 మీటర్ల లంగరు గొలుసైనా వదలండి. అడుగున రాళ్లున్నాయి, గాలి తిరిగితే గొలుసు వాటికి చుట్టుకుంటుంది. అందుకే పడవలో ఒకరు ఎప్పుడూ ఉండాల్సిందే; ఇద్దరే వెళ్తే వంతులవారీగా దిగండి.

మీ రబ్బరు పడవతో ఒడ్డుకు ప్రయత్నించకండి, అలలు బోర్లా వేస్తాయి. వీహెచ్‌ఎఫ్ రేడియో 16వ ఛానెల్‌లో పిలిస్తే దీవివాళ్లు తమ లాంగ్‌బోట్‌లో (పొడవాటి పెద్ద పడవలో) తీసుకెళ్తారు. ఖర్చుకు న్యూజీలాండ్ డాలర్ల నగదు ఉంచుకోండి. తేనె మాత్రం తీసుకెళ్లొద్దు, అక్కడి తేనెటీగలకు రోగాల్లేవు, బయటి తేనెతో సోకవచ్చు. మరొకటి: మాంగరెవా ఫ్రెంచ్ పాలినేషియాలోది, యూరప్ దేశాల ఉమ్మడి షెంగెన్ వీసా అక్కడ సాధారణంగా చెల్లదు, వేరే వీసా తీసుకోవాలి.