అడ్వాన్స్ ఇచ్చే ముందు ఇంజన్ లోపల చూడండి

ప్రశ్న: హైదరాబాద్‌లో 2007 మోడల్ పోర్షా కేమన్ ఎస్ స్పోర్ట్స్ కారు అమ్మకానికి ఉందండి. నడిపి చూశాను, బాగానే లాగింది. అడ్వాన్స్ ఇచ్చేయొచ్చా?
– ఒక పాఠకుడు, భీమవరం

జవాబు: అప్పుడే వద్దండి. ఆ 3.4 లీటర్ల ఇంజన్‌కి సిలిండర్ గోడలు గీరుకుపోయే జబ్బు ఉంది, కాసేపు నడిపి చూస్తే అది తెలియదు. ఆయిల్ ఎక్కువ తాగడం, టక్‌టక్ చప్పుడు దాని గుర్తులే, కానీ ఖాయంగా తెలియాలంటే బోరోస్కోప్ అనే సన్నటి గొట్టం కెమెరా లోపలికి దించి ఆరు సిలిండర్లూ చూడాలి, అదీ ఆయిల్ సంప్ (ఇంజన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టి) విప్పి కింది నుంచి చూపిస్తే ఇంకా నమ్మకం. సిలిండర్లలోకి గాలి పంపి ఎంత లీకవుతోందో చూసే లీక్‌డౌన్ టెస్ట్ కూడా అడగండి. తప్పు గేరు వేసి ఇంజన్‌ని హద్దు మీరి తిప్పారా అన్నది బండి కంప్యూటర్‌లో రికార్డై ఉంటుంది, పోర్షా స్కానర్ ఉన్నవాళ్లు తీసిస్తారు.

మన గోదావరి జిల్లాల మెకానిక్‌లు చెయ్యి తిరిగినవాళ్లే, అయినా ఈ పనికి హైదరాబాద్‌లో ఈ కార్లు రోజూ విప్పేవాళ్ల దగ్గరికే వెళ్లండి. పొద్దున్నే, ఇంజన్ పూర్తిగా చల్లగా ఉన్నప్పుడే స్టార్ట్ చేయించండి. మీరు వెళ్లేసరికే వేడిగా ఉంటే మాత్రం ఇంకో రోజు వస్తానని చెప్పేయండి. వరద నీళ్లలో మునిగిన బండేమో, కార్పెట్ ఎత్తి తుప్పు, బురద చూడండి.

టెస్టులకు అమ్మేవాళ్లు ఒప్పుకోకపోతే ఆ బండి వదిలేయండి. ఇంజన్ మళ్లీ కట్టించాలంటే లక్షల్లో పని.