వానాకాలంలో అండమాన్: పాఠకుల ప్రశ్నలు

ప్రశ్న: మేం నలుగురం. పిల్లలకు పన్నెండు, ఎనిమిదేళ్లు. డిసెంబరులో అండమాన్ ఖర్చు చూసి ఆగిపోయాం. ఆగస్టులో గదులూ టికెట్లూ బాగా తగ్గుతాయంటున్నారు. ఐదు రోజులు వెళ్తే వానల్లో డబ్బు దండగ అవుతుందా? (పాఠకురాలు, ఏలూరు)

జవాబు: దండగ కాదు, ఐదు రోజుల్ని ఆరు చేసుకుంటే. మిగిలిన డబ్బులో కొంత ఆ ఆరో రోజుకు పెట్టండి. కారణం వాన కాదు, గాలి. నైరుతి రుతుపవనాలు మే మూడో వారానికల్లా అక్కడికి చేరతాయి. ఏడాదికి మూడు వేల మిల్లీమీటర్ల దాకా వాన పడే చోటు అది. అయినా చాలా రోజులు గంటో రెండు గంటలో కురిసి తెరిపిస్తుంది. అల్పపీడనం పట్టుకుంటే మాత్రం అలలు లేచి, ద్వీపాల మధ్య తిరిగే పడవలు రద్దవుతాయి.

చాలామంది చేసే తప్పు ఇక్కడే. విమానం దిగే పోర్ట్ బ్లెయిర్ చూసేసి, చివరి రాత్రి హావ్‌లాక్ ద్వీపంలో ఉండి, పొద్దున్నే పడవ దిగి మధ్యాహ్నం విమానం పట్టుకోవాలనుకుంటారు. ఆ ఒక్క పడవ ఆగితే నలుగురి విమాన టికెట్లూ పోతాయి. మీరు తిరగేయండి. దిగిన మర్నాడే ఉదయం పడవలో హావ్‌లాక్ వెళ్లి రెండు రాత్రులు ఉండండి. చివరి రెండు రాత్రులూ పోర్ట్ బ్లెయిర్‌లో పెట్టుకోండి. సెల్యులార్ జైలు, మ్యూజియంలు వానలోనూ చూడొచ్చు. నీల్ ద్వీపం ఈసారికి వదిలేయమనే చెబుతాను. అది కలిపితే రెండు సముద్ర ప్రయాణాలు మూడవుతాయి, ఆగిపోయే అవకాశమూ పెరుగుతుంది.

టికెట్ల మీద పోర్ట్ బ్లెయిర్‌కు శ్రీ విజయపురం అనీ, హావ్‌లాక్‌కు స్వరాజ్ ద్వీప్ అనీ, నీల్‌కు షహీద్ ద్వీప్ అనీ ఉండొచ్చు. కంగారు పడకండి, అవే ఊళ్లు.

హావ్‌లాక్‌కు ప్రైవేటు పడవ గంటన్నరలో, సర్కారు పడవ రెండున్నర గంటల్లో చేరుస్తాయి. సర్కారుది బాగా చవక, కానీ సీట్లు తొందరగా అయిపోతాయి. కడుపులో తిప్పే పిల్లలుంటే అదే మేలు కూడా. డెక్ మీద గాలి తగులుతూ దూరంగా చూస్తూ కూర్చోవచ్చు. ప్రైవేటువి చాలావరకు మూసి ఉన్న ఏసీ హాళ్లు, వాంతులు ఎక్కువ. అందులో వెళ్తే కింది అంతస్తులో మధ్య సీట్లు అడగండి. పూరీలు తినిపించకుండా రెండు ఇడ్లీలతో సరిపెట్టండి. వాంతుల మాత్ర ఎక్కాక కాదు, అరగంట ముందే వేయాలి. పిల్లల డోసు ఇక్కడి డాక్టర్ని అడిగి వెళ్లండి.

విమానం ముందే కొనండి, గదులు వద్దు. ఆగస్టులో గదులు ఖాళీగానే ఉంటాయి. మొదటి రెండు రాత్రులకు మాత్రం తీసుకుని, మిగతావి హోటల్‌కు నేరుగా ఫోన్ చేసి బేరమాడండి. ప్యాకేజీ తీసుకుంటే “పడవ రద్దయితే ఆ రాత్రి గది డబ్బు వెనక్కిస్తారా?” అని అడిగి, జవాబు వాట్సాప్‌లో రాయించుకోండి. మాటగా చెప్పింది ఆ రోజున పనికిరాదు.

ప్రశ్న: విశాఖ నుంచి ఓడలో వెళ్తే ఇంకా చవక కదా? (పాఠకుడు, విజయనగరం)

జవాబు: బంక్ టికెట్ (అందరితో కలిసి పడుకునే బెర్తు) చవకే. కానీ ప్రయాణం సుమారు 56 గంటలు, అంటే పోను రాను ఐదు రోజులు సముద్రం మీదే. తిండి ఖర్చు వేరే. నెలకు ఒకటో రెండో ఓడలు, ఆ తేదీలూ మారుతుంటాయి. రిటైరైనవాళ్లకు సరే, సెలవు లెక్కపెట్టుకునేవాళ్లకు కాదు. మోజు ఉంటే వెళ్లేటప్పుడు ఓడ, వచ్చేటప్పుడు విమానం పెట్టుకోండి. దిగాక భాషకు ఇబ్బంది లేదు. 2011 జనగణన ప్రకారం అక్కడి జనాభాలో సుమారు 13 శాతం మంది మాతృభాష తెలుగే.

ప్రశ్న: వానాకాలంలో అక్కడ సముద్రంలోకి దిగొచ్చా? స్కూబా ఉంటుందా? (పాఠకుడు, నిజామాబాద్)

జవాబు: హావ్‌లాక్‌లో రాధానగర్ బీచ్ పడమటి వైపుంది. నైరుతి గాలి నేరుగా దానికే తగులుతుంది. అక్కడ ఒడ్డు నుంచి చూడండి చాలు, ఎర్రజెండా ఉంటే మోకాలి లోతుకైనా వద్దు. తూర్పున ఉన్న విజయనగర్ బీచ్‌కు ద్వీపమే అడ్డు కాబట్టి నీళ్లు నెమ్మదిగా ఉంటాయి. మొసళ్ల హెచ్చరిక బోర్డులున్న చోట, మడ అడవుల పక్కన దిగనే దిగకండి.

స్కూబా, అంటే గాలి సిలిండరుతో నీటి అడుగుకు దిగే డైవింగ్, గాలి తగ్గిన రోజుల్లో నడుస్తుంది, కానీ వేసవిలో కనిపించినంత స్పష్టంగా అడుగు కనిపించదు. పదేళ్లు నిండాలి. ఒక్కసారి దిగితే 12 గంటలు, అంతకంటే ఎక్కువసార్లు దిగితే 18 గంటలు ఆగాకే విమానం ఎక్కాలి. లోతులో ఒంట్లో కరిగిన నైట్రోజన్, పైన పీడనం తగ్గేసరికి బుడగలు కడుతుంది. కాబట్టి డైవింగ్ మొదటి రోజుల్లోనే పెట్టుకోండి.

ఆగస్టులోనూ ఐదు దాటీ దాటకముందే తెల్లవారుతుంది, సాయంత్రం ఆరయ్యేసరికి చీకటి పడుతుంది. బయటి పనులన్నీ పొద్దుటికి పెట్టుకోండి. ఇక పగడాలు, గవ్వలు ఏరి సంచిలో వేసుకోకండి. ఎయిర్‌పోర్టులో పట్టుకుంటారు, వన్యప్రాణి చట్టం కింద కేసవుతుంది.