సంగటి తినడానికి ఎవరొస్తారండీ?

ఈ నెల మా తిండి శీర్షికకు వచ్చిన ఉత్తరాల్లో సగం ఒకే విషయం చుట్టూ తిరిగాయి. మన పక్క ఊళ్లలో సొంత వంటలతో ఒక పండుగ పెట్టొచ్చా, పెడితే ఎట్లా అని. అందుకే బిర్యానీ ప్రశ్నలు, బరువు తగ్గే ప్రశ్నలు ఈసారికి పక్కన పెట్టేశా.

ప్రశ్న: మా అమ్మాయి ఆస్ట్రేలియాలో, అడిలైడ్‌లో ఉంటుంది. మేం వెళ్లినప్పుడు దగ్గర్లోని బరోసా లోయలో ద్రాక్ష కోతల పండుగకు తీసుకెళ్లింది. వైన్ సంగతి అటుంచితే, ఊరు ఊరంతా బయటికొచ్చి వాళ్ల తిండి వాళ్లు వండి పెడుతుంటే ముచ్చటేసింది. చిత్తూరులో స్నేహితులం కొందరం అలాంటిదే ఒకటి పెడదామనుకుంటున్నాం. సంగటి తినడానికి ఎవరొస్తారని ఇంట్లో నవ్వుతున్నారు. మీరేమంటారు?
– కె.వి., చిత్తూరు

జవాబు: నవ్వేవాళ్లను ఒక ఆదివారం మధ్యాహ్నం హైవే మీదికి తీసుకెళ్లండి సార్. బెంగళూరు నుంచి చిత్తూరు మీదుగా చెన్నైకో తిరుపతికో పోయే దారిలో 'రాగి సంగటి, నాటుకోడి' అని బోర్డు కట్టిన హోటళ్ల ముందు కర్ణాటక, తమిళనాడు నంబర్ల కార్లు ఆగి ఉంటాయి. డబ్బులిచ్చి సంగటి తినే జనం ఎప్పుడో తయారయ్యారు, మన ఇళ్లలోనే అది పేదవాళ్ల తిండి అన్న చిన్నచూపు ఇంకా పోలేదు.

మీరు చూసిన బరోసాలో 1842 నుంచి యూరప్‌లోని సైలీషియా ప్రాంతపు రైతు కుటుంబాలు, జర్మన్ మాట్లాడేవాళ్లు, వలసొచ్చి దిగారు. వాళ్లతో పాటు వాళ్ల ఊళ్ల వంటలూ వచ్చాయి. పొగబెట్టిన సాసేజీలు, సోయికూర (డిల్) వేసి ఊరబెట్టిన దోసకాయలు మీ కంటపడే ఉంటాయి. పండుగ మాత్రం 1947లో మొదలైంది, రెండేళ్లకోసారి చేస్తారు. భూగోళంలో దిగువ సగం కాబట్టి అక్కడ కోతలు ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా నడుస్తాయి, ఇంటికి పంట, ఒంటికి అలసట రెండూ చేరిన సమయంలో పండుగ వస్తుంది. మీరు అక్కడి నుంచి తెచ్చుకోవాల్సింది ఇదొక్కటే, తేదీ పంటను చూసి పెట్టడం. మన దగ్గర ఫంక్షన్ హాలు ఎప్పుడు ఖాళీ, ముఖ్య అతిథికి ఎప్పుడు తీరిక అని చూసి తేదీ వేస్తారు, ఆ రోజుకు మార్కెట్లో ఏది దొరికితే అది వండుతారు. అట్లా పెట్టిన ఫుడ్ ఫెస్టివల్‌లో చివరికి గోబీ మంచూరియా, జెయింట్ వీల్ మిగులుతాయి.

మన పంటల లెక్కన చూస్తే రెండు మంచి సమయాలున్నాయి. జూన్‌లో మామిడి. లేదంటే ధనుర్మాసం చలిలో అనపకాయలు, కొత్త బెల్లం, నువ్వులు, అప్పుడే దంచిన రాగిపిండి. నన్నడిగితే రెండోదే. సంగటి పొగలు కక్కుతుండగా తినాలంటే చలి ఉండాలి, పైగా బెంగళూరు, చెన్నైల్లో ఉన్న మన పిల్లలు పండక్కి ఊరొచ్చేదీ అప్పుడే. సంక్రాంతికి ముందు వచ్చే ఆదివారం పెట్టండి. కనుమ దాటాక పెడితే అప్పటికే అందరూ తిని తిని ఆయాసపడుతుంటారు.

ఇంకొక మాట. చిత్తూరు జిల్లా 1911లో ఏర్పడినప్పుడు ఉత్తర ఆర్కాటు నుంచి కొన్ని తాలూకాలు, కడప నుంచి కొన్ని తెచ్చి, జమీందారీలు కలిపి కూర్చారు. 1960లో తిరుత్తణి మద్రాసు వైపు వెళ్లిపోయింది, 2022లో జిల్లానే మళ్లీ విడిపోయింది. అందుకని 'చిత్తూరు రుచి' అని ఒకటే గిన్నె చూపిస్తే కుదరదు. నగరి, పుత్తూరు పక్క పులుసులో తమిళ వాసన ఉంటుంది, కుప్పం పక్కకు పోతే కన్నడం వాళ్ల ముద్ద, సొప్పు సారు (ఆకుకూర చారు) కనబడతాయి, పీలేరు పక్కకు పోతే కారం పెరుగుతుంది. ఒక్కో పక్కకు ఒక్కో పందిరి వేయండి, ఆ ఊరివాళ్లనే వండమనండి. క్యాటరింగ్ కాంట్రాక్టరుకు మొత్తం అప్పగించారంటే అన్ని పందిళ్లలో ఒకటే మసాలా వాసనొస్తుంది. పలమనేరు మట్టిపాత్రలు పక్కనే ఉన్నాయి కాబట్టి ప్లాస్టిక్ ప్లేట్ల జోలికి పోవద్దు.

ప్రశ్న: వైన్ లేకపోతే అలాంటి పండుగ చప్పగా ఉండదా? మన దగ్గర మామిడి గుజ్జుకు కొదవ లేదు. మామిడి వైన్ చేసి అమ్మొచ్చా? వీడియో చూసి ఇంట్లో ఒక సీసా పెట్టాను కూడా.
– ఆర్., తిరుపతి

జవాబు: తమ్ముడూ, ముందు లేచి ఆ సీసా మూత వదులు చెయ్. ఈస్టు చక్కెరను తిని ఆల్కహాల్ తయారుచేస్తున్నంతసేపూ కార్బన్ డయాక్సైడ్ కూడా పుడుతూనే ఉంటుంది, గాజుసీసాకు గట్టిగా బిరడా బిగించి తిరుపతి ఎండల్లో అటక మీద పెట్టావంటే అది పేలి ముక్కలు గోడకు గుచ్చుకుంటాయి. మూత వదులు చేశాక దాన్ని పారబోసెయ్, ఎందుకంటే మన రాష్ట్రంలో 1968 నాటి ఎక్సైజ్ చట్టం ఉంది, లైసెన్సు లేకుండా మద్యం తయారుచేస్తే నేరం. వీడియో పెట్టినవాడు ఏ దేశంలో ఉన్నాడో నువ్వు చూసుకోలేదు.

మామిడితో వైన్ చేయడం సాధ్యమే, కాకపోతే ద్రాక్ష అంత సులువు కాదు. మామిడి గుజ్జు చిక్కన, పెక్టిన్ అనే జిగురు పదార్థం ఎక్కువ, దాన్ని విడగొట్టే ఎంజైము వేయకపోతే మడ్డిగా ఉండిపోతుంది, తేటపడదు. ద్రాక్షకు తొక్కలోనూ రసంలోనూ కావాల్సినవన్నీ ఉంటాయి, అందుకే నాసిక్‌లో, బెంగళూరు పక్కన నంది కొండల దగ్గర తోటలను ఆనుకునే వైనరీలు వచ్చాయి. వాళ్ల పద్ధతి వాళ్లది. మన ఊరు కొండకింద ఊరు, వచ్చే జనంలో సగం మంది దర్శనానికి పోతూనో, చేసుకుని వస్తూనో ఉంటారు. ఇక్కడ తిండి పందిట్లో మందు సీసా కనబడితే రుచుల సంగతి ఎవరూ మాట్లాడరు, గొడవ సంగతే మాట్లాడతారు.

చప్పగా ఎందుకుంటుందో మాత్రం నాకర్థం కాలేదు. నన్నారి ఉంది కదా. వేరు కాచి తీసిన చిక్కటి పాకం రెండు చెంచాలు గ్లాసు అడుగున, నానిన సబ్జా గింజలు, నిమ్మకాయ పిండి, పైన సోడా కొడితే నురగ గ్లాసు అంచు దాటుతుంది. రంగు పొడి నీళ్లు కాకుండా అసలు వేరుతో కాచినదైతే గొంతు దిగాక కూడా ఆ వాసన నిలుస్తుంది. రాత్రి పులియబెట్టిన రాగి అంబలి ఉంది, పచ్చి ఉల్లిపాయ, మజ్జిగ కలిపి ముంతల్లో పొయ్యండి. అసలు మే నెలలో తిరుపతి గంగమ్మ జాతరకు నువ్వు పోతూనే ఉంటావు కదా, పొంగళ్లు, అంబలి, వేషాలు, ఊరంతా వీధిలోనే. అది తిండి పండుగ కాక ఇంకేంటి? అక్కడ ఏ పూటా చప్పగా అనిపించలేదు కదా.

ప్రశ్న: పొదుపు సంఘం ఆడవాళ్లం కలిసి ఒక మేళాలో సంగటి స్టాల్ పెట్టాం. ఇంట్లో నలుగురికి చేస్తే బాగానే వస్తుంది, పెద్ద గిన్నెలో చేస్తే ఉండలు కట్టింది, పన్నెండు గంటలకు చేసింది రెండింటికి రాయి అయిపోయింది. ఏం చేయాలి?
– ఎం.ఎల్., పూతలపట్టు

జవాబు: అక్కా, పెద్ద గిన్నె ఆశ వదిలెయ్యండి. పాతిక మందికి సరిపోయే గిన్నెలు రెండు పెట్టుకుని, ఒకటి వడ్డిస్తుంటే ఇంకొకటి పొయ్యి మీద ఉండేట్టు తిప్పండి. సంగటి గెలకడం అనేది భుజం పని, గిన్నె పెద్దదైతే మధ్యలో కట్టె తిరుగుతుంది కానీ అంచుల్లో పిండి అట్లాగే ఉండిపోతుంది.

గ్లాసు బియ్యానికి ఐదు గ్లాసుల నీళ్లు, గ్లాసున్నర రాగిపిండి అనుకోండి. బియ్యం అన్నం కంటే మెత్తగా, జారుగా ఉడకాలి. అప్పుడు పైనున్న గంజి ఒకటి రెండు గరిటెలు వంచి పక్కన పెట్టుకోండి, ఇది మర్చిపోవద్దు. తర్వాత పిండిని మధ్యలో కుప్పగా పోసి, కలపకుండా, కట్టె కొనతో అడుగుదాకా మూడు నాలుగు బొక్కలు పెట్టి మంట తగ్గించి మూత పెట్టండి. గంజి ఆ బొక్కల్లోంచి బుడబుడమని పైకొచ్చి కుప్పను తనంతట తానే తడుపుతుంది. తొందరపడి అప్పుడే కలిపారంటే పొడిపిండి చుట్టూ గంజి పొర కట్టేస్తుంది, మీ ఉండలు అవే. పిండి రంగు ముదిరి పచ్చివాసన పోయాక దించి, ఒకరు గిన్నె కదలకుండా పట్టుకుంటే ఒకరు అంచు నుంచి మధ్యకు గెలకాలి. గట్టిగా అనిపిస్తే చన్నీళ్లు వద్దు, తీసిపెట్టిన గంజి వేడిగా పొయ్యండి.

ముద్దలు ముందే కట్టిపెట్టుకోవద్దు. గిన్నెలోనే మూతపెట్టి, వేడినీళ్ల పాత్రలో దించి ఉంచితే మెత్తగా ఉంటుంది. వండిన పదార్థం 60 డిగ్రీలకు పైన వేడిగా ఉంటే క్రిములు పెరగవు కూడా. ఎవరైనా వచ్చినప్పుడే తడిచేత్తో ముద్ద కట్టి, మధ్యలో బొటనవేలితో గుంట చేసి నెయ్యి వెయ్యండి. పక్కన ఊరిబిండి పచ్చడి పెడితే మాత్రం మిక్సీలో తిప్పొద్దు, వేయించిన వేరుశెనగ్గింజలు రోట్లో కచ్చాపచ్చాగా దంచి ఉల్లిపాయ చివర్లో వేసి రెండు పోట్లు పొడవండి. బయటూళ్ల వాళ్లకు ఒక మాట చెప్పండి, సంగటి నమలకూడదు, పులుసులో ముంచి మింగాలని. నమిలి, పళ్లకు అంటుకుంటోందని చెప్పి సగం ముద్ద వదిలేసేవాళ్లు చాలామంది.

ప్రశ్న: మీ తిండి పండుగలు బాగానే ఉన్నాయి. నాకు తోతాపురి తోట ఉంది. రేటు పడిపోయినప్పుడు కాయలు తోటలోనే వదిలేశాం. మామిడి పండుగ పెడితే మాకేం ఒరుగుతుంది?
– రైతు, బంగారుపాళ్యం

జవాబు: తోతాపురికి ఏమీ ఒరగదన్నా, ఉన్నమాట చెప్పాలి. ఆ కాయ నడిచేది ఫ్యాక్టరీ లెక్కన. గుజ్జు చిక్కగా, ఎక్కువగా వస్తుంది కాబట్టే చిత్తూరు చుట్టూ ఇన్ని గుజ్జు ఫ్యాక్టరీలు వచ్చాయి, వాళ్ల దగ్గర పాత సరుకు మిగిలిపోయి కొత్త కాయ కొనకపోతే లారీలు గేటు ముందు రోజుల తరబడి నిలబడతాయి. 2025లో ఫ్యాక్టరీలు కిలోకు 8 రూపాయలు ఇవ్వాలి, ప్రభుత్వం 4 రూపాయలు కలుపుతుంది అని ప్రకటించాల్సి వచ్చిందంటే పరిస్థితి ఎంత దూరం పోయిందో మీకే ఎక్కువ తెలుసు. లారీల కొద్దీ సరుకును ఉప్పూకారం చల్లిన ముక్కల స్టాలు కాపాడలేదు, కాపాడుతుందని చెప్పేవాళ్లను నమ్మొద్దు.

గట్టున నాలుగు బేనీషా, ఇమాంపసంద్, మల్గోవా చెట్లున్న రైతుకు మాత్రం లాభం ఉంటుంది. తినే పండు కాబట్టి మధ్యలో దళారి లేకుండా నేరుగా ఇంటికి కొనుక్కుపోతారు. నిర్వాహకులు అక్కడ ఒక్క నియమం పెట్టాలి, కార్బైడ్ వేసిన పండు గేటు లోపలికి రాకూడదు. అది ఎట్లాగూ నిషేధం. ఇథిలీన్ గ్యాస్‌తో గదిలో మాగబెట్టడానికి 100 పీపీఎం (గాలిలో పది లక్షల భాగాలకు వంద భాగాలు) దాకా అనుమతి ఉంది, లేదంటే వరిగడ్డిలో వేసి కొన్ని రోజులు ఓపిక పట్టడమే. తోతాపురి రసంతో తాండ్ర పోసే ఆడవాళ్లుంటే వాళ్లకూ ఒక స్టాలు ఇవ్వమని అడగండి. చాప మీద పొర మీద పొర పోసి ఎండబెట్టిన తాండ్ర ఆర్నెల్లయినా అమ్ముకోవచ్చు, పండులాగా ఆ సాయంత్రానికే తెగనమ్ముకోవాల్సిన పని లేదు.

ప్రశ్న: రెండు రోజుల స్టాల్‌కు కూడా ఫుడ్ లైసెన్సు కావాలా?
– ఎస్., తిరుపతి

జవాబు: కావాలి. చిన్న వ్యాపారాలకు ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (కేంద్ర ఆహార భద్రతా సంస్థ) రిజిస్ట్రేషన్ ఉంటుంది, ఆన్‌లైన్‌లోనే చేసుకోవచ్చు, చివరి రోజు దాకా ఆగొద్దు. బజ్జీలు, అలసంద వడలు వేసేవాళ్లు ఇంకొకటి గుర్తుపెట్టుకోండి, కాగి కాగి నల్లబడి నురగ కట్టిన నూనెలో మళ్లీ కొత్త నూనె కలిపి వాడటం కుదరదు. నూనె కాగేకొద్దీ చెడి అందులో పేరుకునే పోలార్ పదార్థాలు 25 శాతం దాటితే వాడకూడదని రూలుంది, ఇన్‌స్పెక్టరు దగ్గర దాన్ని కొలిచే మీటరు కూడా ఉంటుంది.

ప్రశ్న: పితికిపప్పు అంటే మా ఆయనకు ప్రాణం. జనవరి దాటితే దొరకదు. ఫ్రిజ్‌లో దాచుకోవచ్చా?
– పి., పాకాల

జవాబు: దాచుకోవచ్చమ్మా, కానీ గింజలుగా కాదు, పితికాక. అనపగింజలు రాత్రి నానబోసి, పొద్దున ఇంట్లో ఉన్నవాళ్లందరినీ కూర్చోబెట్టండి, మీ ఆయనను మొదట. రెండు వేళ్ల మధ్య పెట్టి నొక్కితే పప్పు తొక్కలోంచి ఎగిరి ఎక్కడో పడుతుంది, అందుకని వెడల్పు గిన్నె వాడండి. పితికిన పప్పును బట్ట మీద తడి ఆరేదాకా ఉంచి, ఒక్కో కూరకు సరిపడా చిన్న కవర్లలో కట్టి డీప్‌ ఫ్రీజర్‌లో పెట్టండి. వండేటప్పుడు కరిగేదాకా బయట పెట్టొద్దు, గడ్డగా ఉండగానే మరుగుతున్న మసాలాలో వేసెయ్యండి, లేకపోతే పప్పు చితికి కూర పిండిలాగా అయిపోతుంది.